పక్కన కట్టిన నీలం పోగు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. డెబ్బై దాటాను, ఇప్పుడూ నమ్మను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది చదివి "పాపం, పిరికి ముసలిది" అని ఎవరూ అనుకోకూడదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో మా నాయన బట్టల మూట నెత్తిన పెట్టుకొని సంతకు బయలుదేరితే, తెల్లవారకముందే శ్మశానం పక్క నుంచి ఆయన వెంట నడిచిన పిల్లను నేను. ఒకసారి అక్కడ చితి కాలుతుంటే చూస్తూనే మా నాయనను పల్లీలు కొనిపెట్టమని అడిగాను.

నాకు భయమున్నదల్లా పురుగులంటే. దయ్యానికి కాళ్ళుండవంటారు. నా భయాలన్నింటికీ కాళ్ళున్నాయి. బొద్దింకకు ఆరు, తేలుకు ఎనిమిది, జెర్రికైతే లెక్కే లేదు.

ఏడెనిమిదేళ్ళప్పుడు నిద్రలో నా చెవిలో బొద్దింక పిల్ల దూరింది. మా అమ్మ గోరువెచ్చని నూనె పోసేదాకా అది లోపల గీకుతూనే ఉంది. నేను గుండెలు పగిలేలా ఏడుస్తున్నాను గానీ ఆ చప్పుడు నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. పురుగు బయటికి వచ్చింది, దాంతో పాటే నా నిద్ర కూడా పోయింది. అప్పటి నుంచి చెవుల్లో దూది పెట్టుకోవడం, పక్క దులపడం, పడుకున్నాక మళ్ళీ లేచి దులపడం నాకు రోజూ ఉండే పని అయింది.

పద్దెనిమిదో ఏట నన్ను వరంగల్ కొత్తవాడలో ఒక మగ్గమున్న ఇంటికి రెండో సంబంధం ఇచ్చారు. మొదటి భార్య పేరు లచ్చుమమ్మ. ఐదు నెలల ఆడపిల్లను వదిలి జ్వరంతో పోయిందట. నేను కాపురానికి వచ్చేసరికి ఆ పిల్ల, బుచ్చి, గోడ పట్టుకొని నడుస్తోంది.

పెళ్ళినాడు పుస్తెతో పాటు నా మెడలో ఒక వెండి బిళ్ల కూడా కట్టారు. రెండో పెళ్ళి జరిగే ఇళ్ళల్లో అది అప్పటి ఆనవాయితీ. చనిపోయిన ఆమె గుర్తుగా ఆ బిళ్ల మీద ఒక ఆడమనిషి బొమ్మ గీసి ఉంటుంది. పండగకు కొత్త చీర తెస్తే ముందు ఆ బిళ్లకు చూపించి, "అక్కా, కట్టుకో" అని చెప్పి, ఆ తర్వాతే నేను కట్టుకోవాలి. అంటే నా పెళ్ళిచీర కూడా నాకంటే ముందు ఆమెదే.

ఎవరికీ చెప్పలేదు గానీ ఆ బిళ్ల మెడలో పడ్డప్పుడే నాకు కడుపుమంట మొదలైంది. బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకొని కొట్లాడొచ్చు. చచ్చిపోయిన సవతితో ఎట్లా కొట్లాడతాం? ఆమె చేతిలో కూర మాడదు. ఆమె ఎవరికీ ఎదురు చెప్పదు. ఆమెకు తల నెరవదు. మా అత్త నోట్లో రోజురోజుకూ ఇంకా మంచిదవుతూనే ఉంటుంది.

ఇల్లంటే ఒకటే పెద్ద గది, వెనక వంటకు వసారాలాంటి చిన్న సాయబాను. గది నడుమ గుంట మగ్గం. నేసే మనిషి గట్టు మీద కూర్చొని, కాళ్ళు గుంటలో పెట్టి తొక్కుతుంటాడు. పగలు ఆ గుంటలో మా ఆయన కాళ్ళు ఉండేవి. రాత్రయితే అందులో ఏముంటుందో ఎవరికి తెలుసు? పోగులకు పెట్టిన గంజి వాసనకు బొద్దింకలు వచ్చేవి. బొద్దింకల కోసం తేళ్ళు వచ్చేవి. ఆ గుంటకు నాలుగు మూరల దూరంలో, గోడ వారగా చాపలు పరుచుకొని మా అత్త, నేను, బుచ్చి పడుకునేవాళ్ళం. మా ఆయన బయట అరుగు మీద నులకమంచంలో పడుకునేవాడు.

నా పని ఎట్లా ఉండేదంటే, ముందు చాప ఎత్తి మూడుసార్లు దులపాలి. నాలుగు మూలలూ తిప్పి చూడాలి. బొంత రెండు వైపులా చూడాలి. బుచ్చి జుట్టు, చెవులు, మెడ మడతలు చూడాలి. దీపం పట్టుకొని గుంటలోకి వంగి చూడాలి. నూలు చుట్టిన కండెల బుట్ట కదిలించాలి. నీళ్ళ కడవ కింద చూడాలి. ఇదంతా ఒకసారి. ఇట్లాంటివి ఏడు. ఆరే అయ్యాయని అనుమానం వస్తే నిద్ర రాదు. ఎనిమిదైతే లెక్క చెడిందని మళ్ళీ మొదటి నుంచి.

ఇది పిచ్చి పని అని నాకు తెలియక కాదు. చూసిన చోటే మళ్ళీ చూస్తున్నానని తెలుసు. కానీ పడుకోగానే, ఆ నాలుగో మూల సరిగ్గా చూశానా అని ఒక ప్రశ్న లేచేది. లేచి చూస్తే గానీ అది ఊరుకోదు. చూశాక ఇంకో మూల గురించి లేస్తుంది.

అవి యుద్ధం రోజులు. గ్యాసునూనె కోసం సీసా పట్టుకొని గంటల తరబడి నిలబడాలి. నేనేమో రోజూ సగం రాత్రి దీపం వెలిగించి తిరుగుతున్నాను. మా అత్త దీపం బుడ్డికి బయట, నూనె మట్టం దగ్గర, సున్నంతో గీత పెట్టింది. పొద్దున లేవగానే మొహం కడుక్కోకముందే ఆ గీత చూసేది. తనిఖీ జబ్బు ఆమెకూ ఉందని అనబోయి ఎన్నోసార్లు నాలుక కరుచుకున్నాను.

"లచ్చుమమ్మ గిట్ల ఎన్నడన్న జేసిందా? సాప మీద తల పెడితే తెల్లారేదాక లేవకపోయేది. దానికి దీపమే అక్కర లేకుండె" అనేది మా అత్త.

రోజూ ఇదే మాట. నేను నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో రాట్నం దగ్గర కూర్చొని కండెలు చుడుతుంటే, హాయిగా నిద్రపోయే ఆ మనిషి నా కళ్ళ ముందు కనపడేది. ఆమె అందం మీద నాకు ఏడుపు లేదు. ఆమె పనితనం మీద కూడా పెద్దగా లేదు. ఆ నిద్ర మీదే నా కుళ్ళంతా. తల పెడితే తెల్లారేదట! అంత నిద్ర పోయి పోయి చివరికి పూర్తిగానే పోయింది అని ఒకసారి మనసులో అనుకొని, వెంటనే చెంపలు వేసుకున్నాను.

మా ఆయన చెడ్డవాడు కాదు. "జర అలవాటైతది లే" అనేవాడు. కానీ ఒక మధ్యాహ్నం నేస్తూ నేస్తూ తల ఎత్తకుండా, "లచ్చుమా, కండె అందియ్యి" అన్నాడు. నేను అందించాను. తను ఏమన్నాడో ఆయనకు తెలియదు. ఆ పూట నేను అన్నం తినలేదు.

ఆ ఇంట్లో నాకు మిగిలింది బుచ్చి. ఆ పిల్లకు లచ్చుమమ్మ గుర్తులేదు. ఈ లోకంలో నన్ను ఆమెతో పోల్చని మనిషి అదొక్కతే. నా పక్కన పడుకొని, నా చెవి పట్టుకొని నిద్రపోయేది. పురుగు దూరిన చెవే అది. ఆ చెవిని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

వానాకాలం మొదలయ్యాక ఒక రాత్రి నేను బుచ్చిని కూడా లేపి, దాని బట్టలన్నీ విప్పి చూశాను. ఏదో పాకినట్టు అనిపించింది. ఏమీ లేదు. పిల్ల ఏడ్చి ఏడ్చి తెల్లారేసరికి జ్వరం తెచ్చుకుంది. ఆ పొద్దున మా అత్త అరవలేదు, తిట్టలేదు. అందుకే నాకు భయమేసింది.

"పాలంపేట నుంచి దాని అమ్మమ్మ పిల్లను అడుగుతనే ఉన్నది" అంది. "ఈ పడుగు కోసే దినం దాక సూస్త. గప్పటికి నువ్వు మనిషి లెక్క పండుకోకపోతే, బుచ్చిని ఆడికే తోలిస్త."

పడుగంటే మగ్గం మీద బారుగా సాగదీసిన పోగులు. అది మొత్తం నేసి బట్ట కోయడానికి మా ఇంట్లో ఇరవై రోజులు పట్టేది. మా ఆయన ముందు రోజే కొత్త పడుగు ఎక్కించాడు. ఆయన పోగుల మధ్య నాడె విసిరే చప్పుడు వింటుంటే నా గడువు తరిగిపోతున్నట్టే ఉండేది. మెల్లగా నేయమని కట్టుకున్నవాణ్ణి ఎట్లా అడగను?

పాలంపేట అంటే లచ్చుమమ్మ పుట్టిల్లు. మొగుడిలో సగం ఆమెదే. మెడలో బిళ్ల ఆమెదే. ఇప్పుడు పిల్లను కూడా ఆమెవాళ్ళే తీసుకుపోతారు.

పక్కింట్లో ఎల్లవ్వ అని ఒక ముసలమ్మ ఉండేది. ఒంటరిది. కండెలు చుట్టడానికి మా అరుగు మీదికే వచ్చేది. ఎవరికీ చెప్పని నా చెవి సంగతి, ఏడుసార్ల సంగతి ఆమెకు చెప్పాను. ఆమె నవ్వలేదు. రాట్నం ఆపి, తెగిన పోగును నా ముందే ముడేసింది.

"పోగు తెగితే ముడేస్తం. ఏసినంక మళ్ల గుంజి సూస్తమా బిడ్డా?"

"సూడం."

"ఎందుకు సూడం? గుంజినకొద్ది తెగుతది. ఏసిన ముడిని నమ్మి ముందటికి పోవాలె. నువ్వు గుడ గట్లనే జెయ్యి. ఒక్కసారి సూడు. సూసినంక ఒక ముడెయ్యి. ఇగ లేవకు."

ఆమె చెప్పినట్టే చేశాను. నా తల దగ్గర గోడకు ఒక మేకు ఉండేది. దానికి పొడుగాటి తెల్లపోగు వేలాడదీశాను. రాత్రి ఒక్కసారి అన్నీ చూసి, మగ్గం కింద రాలిన పోగుముక్క ఒకటి తీసుకొని, ఆ తెల్లపోగుకు ముడేసి, కొసలు కత్తెరతో సమంగా కత్తిరించి దీపం ఆర్పేదాన్ని. అప్పుడు మగ్గం మీద అంచుకు ఎర్రపోగు నడుస్తోంది. కాబట్టి నావన్నీ ఎర్రముక్కలే. భయం లేచినప్పుడు చీకట్లో చెయ్యి చాచి ఆ ముడిని వేళ్ళతో తడుముకోవాలి, అంతే. లేవకూడదు.

మొదటి రాత్రి నరకం. ఒళ్ళంతా చెమట. చెవిలో గీకుతున్న చప్పుడు నిజంగానే వినపడింది. పోగును ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వేలు కోసుకుపోయింది. రెండో రాత్రి ఒకసారి లేచి కూర్చొని మళ్ళీ పడుకున్నాను. మూడు, నాలుగు కూడా అంతే. ఐదో రాత్రికి ఒక సంగతి తెలిసింది. నేను లేచినా లేవకపోయినా ఆ భయం కాసేపటికి పాలపొంగులాగా తనే దిగుతుంది. అంతవరకూ ఊపిరి బిగబట్టుకొని ఉంటే చాలు. పొద్దున మా అత్త బుడ్డి మీద గీత చూసి తన పనికి పోయింది.

ఆరో రోజు పొద్దున మేకుకు వేలాడే పోగు మీద ముందు రోజు కంటే రెండు ముక్కలు ఎక్కువున్నాయి. ఒకటి నాది, ఎర్రది. దాని పక్కనే, ఆనుకొని, ఇంకొకటి. నీలం.

నేను పొరపాటున కట్టానేమో అనుకున్నాను. కానీ నీలం ఎక్కడిది? యుద్ధం వచ్చాక ఆ రంగు దొరకడమే మానేసింది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి మా మగ్గం మీద తెలుపు, ఎరుపు తప్ప ఇంకోటి ఎక్కలేదు. బుట్టలు బోర్లించాను, వాసాల సందులు వెతికాను, గుంటలో మట్టి కూడా జల్లెడ పట్టినంత పని చేశాను. ఇంట్లో నీలం పోగు ఒక్కటి కూడా దొరకలేదు.

మర్నాడు ఇంకొకటి. ఆ మర్నాడు ఇంకొకటి. రోజూ నా ఎరుపు పక్కన ఒక నీలం.

నాకు మొదట అనుమానం వచ్చింది మా ఆయన మీద. నేను నిద్రపోయాక లోపలికి వచ్చి పిల్ల పక్కన కూర్చొని ఆమెను తలుచుకుంటున్నాడేమో, ఆమె దాచుకున్న పోగులేవో ఆయన దగ్గర ఉన్నాయేమో అని. నా కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఆ రాత్రి తలుపుకు లోపల గడియ వేసి, దానికి రోకలి కూడా అడ్డం పెట్టాను. తెల్లారి గడియ గడియలాగే ఉంది, రోకలి రోకలిలాగే ఉంది. నీలం పోగు మాత్రం వచ్చింది.

మా అత్త చేసిందనుకుందామా అంటే, ఆమె వేళ్ళు వాతంతో వంకరపోయాయి. అన్నం ముద్ద చేసుకోవడమే కష్టం, ఇంక సన్నపోగుకు ముడేం వేస్తుంది? బుచ్చికి రెండేళ్ళు నిండలేదు.

ఇక మిగిలింది నేను. నిద్రలో లేచి కడుతున్నానేమో! అది తేల్చుకుందామని ఒక రాత్రి నా కుడిచేతి వేళ్ళన్నీ కలిపి గుడ్డతో గట్టిగా చుట్టుకున్నాను. ముడి పళ్ళతో బిగించాను. పొద్దున లేచి చూస్తే చుట్టు అట్లాగే ఉంది. విప్పడానికి నాకే చాలాసేపు పట్టింది. మేకు దగ్గర నీలం పోగు ఉంది.

అప్పుడు ఆ పోగును తీసుకొని ఎల్లవ్వ దగ్గరికి పోయాను. ఆమె వెలుతురులోకి వచ్చి, కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూసింది. చాలాసేపు చూసింది. నీలం ముక్కల కొసలను వేలితో తిప్పింది.

"ఇది కత్తెర గాదు బిడ్డా. పండ్లతోని కొరికిన కొస" అంది.

నేను కూడా చూశాను. నా ఎర్రముక్కల కొసలు సమంగా ఉన్నాయి. నీలం కొసలు చదునుగా నలిగి ఉన్నాయి. మా అత్త నోట్లో ఒక్క పన్ను లేదు.

ఎల్లవ్వ పోగును నా ఒళ్ళో పెట్టింది. లచ్చుమమ్మకు పోగును పళ్ళతో కొరికే అలవాటు ఉండేదట. ఎన్ని తిట్లు తిన్నా మానలేదట. ఆమె చనిపోయిన నెలలో మగ్గం మీద ఉన్నది నీలం చీర అట. కండెలన్నీ ఆమే చుట్టిందట.

"కొరికితే కొరికింది" అన్నాను. "తల పెడితే తెల్లారేదాక పండుకునే మనిషికి రాత్రిపూట నా ఇంట్లో ఏం పని?"

ఎల్లవ్వ నా మొహంలోకి చూసింది.

"దానికి నిద్రెక్కడిది? బిడ్డ పుట్టినంక అది కన్ను మూసింది నేను సూడలే. పురిటికి నేనే గద తోడు పండుకున్నది. దీపం పెడితే అత్త తిడుతదని చీకట్లనే లేసి కూసునేది. బిడ్డ సుట్టు సాపంత చేతులతోని తడిమేది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. తేలు గుట్టినా సరే అని తడిమేది. ఆఖరి జ్వరంల గుడ చెయ్యి ఆపలే."

ఆ రోజు నాకు భయం వేయాలి కదా? వేయలేదు. ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో నాకంటూ ఉన్న ఒక్క సొత్తు ఆ పిచ్చి భయమే అనుకున్నాను. అందులోనూ ఆమే ముందు! పైగా నాకు దీపం కావాలి, ఆమెకు అదీ అక్కరలేదు. నేను పిల్ల పక్క దులిపి, చూసి, ముడేసి పడుకుంటే, ఆమె వచ్చి మళ్ళీ చూసి, పక్కన ఇంకో ముడేసి పోతోంది. నా చేతి పని మీద నమ్మకం లేదన్నమాట. బుచ్చి నాది కాదని రోజూ నా తల దగ్గరే రాసిపెట్టి పోతోంది.

అట్లా పంతం పట్టి ఆ మిగిలిన రోజులు గడిపాను. ఆమె రాకముందే అన్నీ ఇంకా బాగా చూడాలని ఒక్కసారి చూసేదాన్నే రెండింతలు శ్రద్ధగా చూశాను. రెండోసారి మాత్రం లేవలేదు. తెల్లారితే నీలం పోగు వెక్కిరిస్తున్నట్టు ఉండేది.

పడుగు చివరికి వచ్చింది. రేపు బట్ట కోస్తారనగా, సాయంత్రం పాలంపేట నుంచి లచ్చుమమ్మ అన్న ఎడ్లబండి కట్టుకొని వచ్చాడు. బుచ్చి కోసం బండిలో వరిగడ్డి మీద మెత్తటి బొంత పరిచి తెచ్చాడు. మా అత్త కబురు పెట్టిందని నాకు అప్పుడే తెలిసింది. ఆయన, మా ఆయన అరుగు మీద పడుకున్నారు. తలుపు గడియ నేనే వేశాను.

ఆ రాత్రి ఒకసారి అంతా చూశాను. ఎర్రపోగు కట్టాను. దీపం ఆర్పాను.

ఆర్పగానే మొదలైంది. ఇరవై రోజులుగా అణిగిన భయమంతా ఒక్కసారే లేచింది. మెడ మీద ఏదో పాకింది. కొట్టుకుంటే ఏమీ లేదు. ఇప్పుడు లేచి దీపం పెడితే పొద్దున బుడ్డి మీద గీత చెబుతుంది, బండి కదులుతుంది. పెట్టకపోతే, బుచ్చి పక్కన నిజంగానే ఏదైనా ఉంటే? పోగు పట్టుకున్నాను. భయం దిగలేదు. ఎంతసేపటికీ దిగలేదు.

చివరికి దీపం లేకుండానే లేచి కూర్చున్నాను. ఎందుకు చేశానో తెలియదు, బుచ్చి చుట్టూ చాపను చేత్తో తడమడం మొదలుపెట్టాను. పిల్ల కాళ్ళ దగ్గర నుంచి కుడివైపుగా, మెల్లగా. ఎండు చాప మీద నా అరచెయ్యి సర్... సర్... అని చప్పుడు చేస్తోంది.

సగం దూరం పోయాక నా చెయ్యి ఆపాను. చప్పుడు ఆగలేదు.

పిల్లకు అవతలి పక్కన, గోడ వైపు నుంచి వస్తోంది. అదే చప్పుడు. అదే నిదానం. చాప మీద ఎండు అరచెయ్యి. కాళ్ళ దగ్గర నుంచి తల వైపు వస్తోంది. పురుగు పాకే చప్పుడు నాకు తెలియనిది కాదు, జీవితమంతా ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకొని పడుకున్నదాన్ని. అది పురుగు కాదు. మా అత్త నాకు ఇవతల గురక పెడుతోంది. ఆ గోడకూ పిల్లకూ మధ్య మనిషి కూర్చునేంత చోటు కూడా లేదు.

నా చెయ్యి చాప మీదే ఉండిపోయింది. ఆ చప్పుడు తల దాకా వచ్చింది, ఒక చోట ఆగింది, మళ్ళీ వెనక్కి పోయి చూసిన చోటే చూసింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెనక్కి పోయింది. నాలుగో మూల సరిగ్గా చూశానా అని నాకు లేచే ప్రశ్న ఉందే, అదే. నాకు తెలిసిన ఆ తిరుగుడే.

అప్పుడు నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఇది నన్ను నమ్మక చేసే పని కాదు. తనను తాను నమ్మలేక చేసే పని. నాకంటే బాగా ఇంకెవరికి తెలుసు? నా నిద్రను దోచుకున్నదని ఎవరి మీద ఏడ్చానో, ఆ మనిషి చచ్చి కూడా ఒక్క కునుకు తీయలేదు.

మెడలో బిళ్లను గుప్పిట్లో పట్టుకొని మెల్లగా అన్నాను. "అక్కా, నేను సూసిన. ముడి గుడ ఏసిన. ఏసిన ముడిని మళ్ల గుంజి సూడొద్దట. ఇగ నువ్వు గుడ పండుకో."

మొక్కుబడిగా కాకుండా ఆమెను అక్కా అని పిలవడం అదే మొదటిసారి.

చప్పుడు ఆగింది. నేను పడుకున్నాను. బుచ్చి నిద్రలోనే నా చెవి పట్టుకుంది. ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు.

నన్ను మా అత్త లేపింది. అప్పటికే ఎండ వచ్చి గుమ్మంలో పడింది. పెళ్ళయ్యాక అంత పొద్దెక్కేదాకా నేను పడుకున్నది లేదు. లేవగానే మేకు వైపు చూశాను. ఎర్రపోగు ఒక్కటే ఉంది. దాని పక్కన ఏమీ లేదు. కింద పడిందేమోనని చాప ఎత్తి చూశాను. బొంత దులిపాను. మళ్ళీ మేకు చూశాను. ఏడుసార్లు చూసి ఉంటాను. లేదు.

మా అత్త దీపం బుడ్డిని వెలుతురుకు పెట్టి గీత చూసింది. దాన్ని గూట్లో పెట్టింది. బయట లచ్చుమమ్మ అన్న బుచ్చిని ఎత్తుకొని ఆడిస్తున్నాడు. అది మొదట నవ్వింది, బండి వైపు నడవగానే చేతులు నా వైపు చాచి గుక్కపట్టి ఏడ్చింది. "అమ్మా" అంది. అంతకుముందు కూడా అని ఉంటుంది, నాకు గుర్తున్నది మాత్రం అదే.

"పిల్ల ఈడనే ఉంటది" అంది మా అత్త. "మీ అమ్మకు నా మాటగ చెప్పు. సూసుకునేటోళ్ళు ఉన్నరని చెప్పు."

ఆయన బుచ్చిని నా చేతుల్లో పెడుతూ, "అచ్చం మా లచ్చుమమ్మ లెక్కనే ఉన్నది" అన్నాడు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, అప్పుడు కూడా నా కడుపులో చిన్న మంట లేచింది. పిల్లను గట్టిగా హత్తుకున్నాను. లోపల మా ఆయన బట్ట కోస్తున్న చప్పుడు వినపడింది.

ఆ తర్వాత నీలం పోగు ఎన్నడూ రాలేదు. బుచ్చికి ఇప్పుడు మనవలున్నారు. ఆ తెల్లపోగు నా పెట్టెలో ఉంది, ఎర్రముక్కల మధ్య నీలం ముక్కలు ఈ రోజుకీ ఉన్నాయి. రంగు కొంచెం వెలిసింది. చదువుకున్న నా మనవడు చూసి, నువ్వే నిద్రలో ఎడమచేత్తో కట్టుకొని ఉంటావు, నీలం ముక్కలు ఏ బుట్ట అడుగునో మిగిలి ఉంటాయి అన్నాడు. అయి ఉండొచ్చు. మరి ఆ చాప మీది చప్పుడు ఏమిటంటే వాడు ఎలుక అన్నాడు. నేను పోగును మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేశాను.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ పదిహేను రాత్రులు మా ఇంట్లో జరిగింది ఏమిటో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. పురుగుల భయం పూర్తిగా పోలేదు, రాత్రికి ఒక్కసారి చూసి ముడేసి పడుకోవడం అలవాటైంది. బట్ట కోసిన ఆ రోజు తర్వాత కూడా చాలా కాలం ఆ పోగు మీద ఎర్రముక్కలు కడుతూనే వచ్చాను. ఇప్పుడు తీసి చూస్తే ఒకటి కనపడుతుంది. ఆ రోజు నుంచి నేను ముడికీ ముడికీ మధ్య ఇంకొక ముడి పట్టేంత చోటు వదిలి కట్టాను.